తీ అన్నందుకు

"నా చింతపండు యాడ?"

వంటింటి గడపలో పాపమ్మాళ్ నిలబడి ఉంది. మట్టి ముంతను తలకిందులు చేసి పట్టుకుంది, అందులోంచి ఒక్క పీచు కూడా రాలడం లేదని ఇల్లంతా చూడాలన్నట్టు.

"నేను తీసుకుంటిని అత్తా," అంది కార్తీశ్వరి. "ఇంతే ఉండె. ఇత్తడి బోల్టులు తోమేదానికి."

"బోల్టులకా? అవి పులుసు తింటాయా?"

"పచ్చగా చిలుం పట్టిండాయి. చింతపండుతో తోమకుంటే కరెంటు పారదు."

"మొదలాళి లారీలో కరెంటు పారితే సాలునా? నా ఇంట్లో పులుసు పారద్దా? ఏరా మురుగేసా, నువ్వు సెప్పు."

మురుగేశన్ గోడకున్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. మూతి చుట్టూ నురగ ఉంది కాబట్టి మాట్లాడకపోవడానికి మంచి కారణమే దొరికింది. పదిహేనేళ్ళు పటాలంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసినవాడు, తల్లికీ పెళ్ళానికీ మధ్య మాత్రం ఏ సందేశమూ మోయడు.

"సాయంత్రం తెస్తాను అత్తా. గింజ తీసిందే తెస్తాను."

"గింజతో తెచ్చినావో, నిన్నే కూసోబెట్టి ఒలిపిస్తాను," అని ముంతను బోర్లించి, మజ్జిగన్నం డబ్బాలో అదుముకుని, ఆవిడ ఏడున్నరకల్లా ఆపీసుకు బయల్దేరింది.

ఆపీసంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. కోవిల్‌పట్టిలో అందరూ దాన్ని తీప్పెట్టి ఆపీసు అనే అంటారు. తమిళంలో తీ అంటే నిప్పు. పాపమ్మాళ్ అక్కడ ఇరవై రెండేళ్ళుగా పెట్టెల్లో పుల్లలు నింపుతోంది. ఆపీసు యజమాని, అందరూ మొదలాళి అని పిలిచే దామోదరసామికి ఆ ఏడు, తొంభై ఎనిమిది వేసవిలో, కొత్త సరదా ఒకటి పట్టింది. యుద్ధకాలం నాటి మిలిటరీ లారీని వేలంలో కొని, ఆపీసు ముందున్న రేకుల షెడ్డులో నిలబెట్టాడు. ఆదివారం విరుదునగర్‌లో పాత బండ్ల ఊరేగింపు. రంగు వేయడం, ఇంజను తిప్పడం వేరేవాళ్ళు చేశారు. లోపలున్న వైర్‌లెస్ సెట్టును మాట్లాడించే పని రేడియో రిపేరు షాపు మురుగేశన్‌కు వచ్చింది. అతనికి దగ్గరి చూపు ఆనదు. అందుకని టంకం పెట్టేది, తీగ చుట్టేది, వాల్వు కాళ్ళు గీకేది కార్తీశ్వరి.

లారీ వెనక భాగంలో ఒక మనిషి నడుం వంచి నిలబడేంత జాగా ఉంది. చెక్క బల్ల మీద సెట్టు, ఆకుపచ్చ ఇనప పెట్టె. మూడు వారాల కింద దాని పెట్టె విప్పినప్పుడు లోపల ఎలుక గూడు కనిపించింది. కార్తీశ్వరి దాన్ని పాత చీర గుడ్డలో పట్టి బయట పారేసి, అప్పట్నుంచి రోజూ ఆ బల్ల ముందు కూర్చుంటోంది. పదిహేను వాల్వులనూ ఒక్కొక్కటిగా ఊడదీసి తుడిచింది. మైనం కారిపోయిన కండెన్సర్లు మార్చింది. ఒక్కటి మాత్రం దొరకక పాతదే ఉంచింది. పన్నెండు వోల్టుల బేటరీ కరెంటును ఐదొందల వోల్టులు చేసే మోటారు ఒకటి సెట్టు పక్కనే ఉంటుంది, దాని బ్రష్షులను చక్కగా అరగదీసి కూర్చోబెట్టింది.

చేసిన ప్రతి పనినీ పుస్తకంలో రాసేది. అది మురుగేశన్ పెట్టిన చట్టం. టైము, చేసినది, చూసినది, విన్నది. "లాగ్‌బుక్కులో తప్పు రాస్తే అడ్డగీత కొట్టి పైన రాయాల. చెరపకూడదు. పుట చింపకూడదు. పుట చింపినోణ్ని మా సుబేదారు ఎండలో నిలబెట్టె," అని పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పాడు. మాట్లాడేది తెలుగైనా ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. కార్తీశ్వరి తన తెలుగునంతా తమిళ అక్షరాల్లోనే రాసేది.

ఆ మంగళవారం పదిగంటలకు దామోదరసామి షెడ్డుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి బంగారు గొలుసు వాచీ. వెనకే మేనేజరు తంగసామి, మొలకు తాళాల గుత్తితో.

"ఏమే కార్తీ, ఆ తార్పాయి తీ. లోపల వెలుతురు పడనీ," అన్నాడు దామోదరసామి. ఆయనదీ తెలుగు ఇల్లే. ఎట్టయాపురం పక్కన నల్లరేగడి పొలాలున్న వాళ్ళు.

ఆమె తార్పాయి తీసి, వేలెడంత ఇత్తడి ముక్కను ఆయనకు చూపించింది. "ఈ రిలే మార్చాల మొదలాళీ. మీట నొక్కితే ఇది అంటుకుంటాది, వదిలితే విడిపోవాల. మొహాలు కాలిపోయిండాయి. ఎప్పుడో ఒకప్పుడు అంటుకొని ఉండిపోతాది."

"యాడ దొరుకుతాది?"

"విరుదునగరం పాత ఇనుం అంగళ్ళలో ఎతకాల. రెండు దినాలు ఈండి."

"రేపు మిరపకాయల మండీ వాళ్ళు సూసేదానికి వస్తా ఉండారు. గీకుతావో తోముతావో, రేపు ఇది పలకాల. మన హారన్లు ఉండాయి కదా, ఆయుధపూజకి కట్టేవి? హాల్లో కట్టిస్తాను. అరవైమంది ఆడోళ్ళు పని సేస్తా ఉంటే పైనుంచి మిలిటరీ గొంతు వినపడాల."

"గాల్లోకి వదిలేదానికి సర్కారు లైసెన్సు ఉండాల సామీ," అన్నాడు మురుగేశన్.

"నువ్వు మిలిటరీనా, వకీలువా?"

చివరికి మురుగేశన్ ఒక దారి చెప్పాడు. ఏరియల్ కడ్డీ తగిలించకుండా దాని బదులు ఒక బల్బు తగిలిస్తాడు. పంపే శక్తంతా బల్బులోనే కాలిపోతుంది. మాట పలికేటప్పుడు బల్బు ఇంకాస్త వెలుగుతుంది కూడా, చూడ్డానికి బాగుంటుంది. పక్కనున్న హాలు దాకా మాత్రం కొంచెం కారుతుంది, అక్కడ ఒక ట్రాన్సిస్టరు పెట్టి హారన్లకు కలిపితే చాలు.

కార్తీశ్వరి ఆ మధ్యాహ్నం ఉప్పు కాగితంతో రిలే మొహాలు గీకింది. పుస్తకంలో రాసింది: "రిలే మార్చలేదు. గీకినాను. నమ్మకం లేదు."

*

బుధవారం పదకొండున్నరకు సెట్టు ఆన్ చేశారు. మండీ వాళ్ళు అప్పటికింకా రాలేదు. మురుగేశన్ లారీ కింద బేటరీల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తంగసామి హాల్లో ట్రాన్సిస్టరు పక్కన నిలబడ్డాడు. కార్తీశ్వరి మురుగేశన్ వాచీని సెట్టు పక్కనున్న మేకుకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు మీట నొక్కింది. మోటారు ఈల వేసినట్టు లేచింది. బల్బు ఎర్రగా వెలిగింది. ఆమె తమిళంలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. ఒక్కొక్క అంకెకూ బల్బు పసుపు పచ్చగా ఉబ్బి మళ్ళీ తగ్గింది. హాల్లోంచి తన గొంతే తనకు పెద్దదై వినిపించింది. ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. "ఏయ్, పాపమ్మక్కా, మీ కోడలు ఆకాశం నుంచి మాట్లాడుతోంది!" అని ఎవరో అన్నారు. పన్నెండు నిమిషాలు అంతా సవ్యంగానే నడిచింది.

తర్వాత ఆమె మీట మీదనుంచి వేలు ఎత్తింది. బల్బు ఆరలేదు.

మళ్ళీ నొక్కి, మళ్ళీ ఎత్తింది. మోటారు ఆగలేదు. సెట్టు అడుగునుంచి తారు కాలిన వాసన, వెనకే సన్నటి పొగ, మార్చకుండా మిగిలిన ఆ ఒక్క కండెన్సరు నుంచి. ఇంకో అర నిమిషం పోతే వాల్వులు పోతాయి. ఆమె పక్కకు వంగి లారీ కిందికి అరిచింది.

"తీ మామా! తీ! తీ!"

బేటరీ వైరు తియ్యమని, మొగుడికి. ఇంట్లో దబర పొయ్యి మీద మాడుతుంటే ఎలా అంటారో అలాగే. కానీ రిలే అంటుకునే ఉంది, మైకు బతికే ఉంది, హాల్లో నాలుగు హారన్లు ఉన్నాయి.

మురుగేశన్ వైరు పీకాడు. మోటారు దిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమెకు హాల్లోంచి వచ్చిన మొదటి కేక వినిపించింది, అప్పుడు తెలిసింది.

షెడ్డు హాలుకు ముందువైపే ఉంది. పొగ రేకుల కింద పాకి హాలు ముందు తలుపు దగ్గర కనిపించింది. తీ అన్న మాట, పొగ, రెండూ ముందునుంచే వచ్చాయి కాబట్టి అరవైమందీ వెనక గేటు వైపు పరుగెత్తారు. పొగ ఎదురుగా ముందు తలుపులోంచి బయటికి వచ్చినవాడు ఒక్కడే. తంగసామి, మొలకు తాళాల గుత్తితో, రోడ్డు దాటి.

కార్తీశ్వరి గోడ పక్క సందులోంచి వెనక్కి పరుగెత్తింది. వెనక గేటు రెండు రేకు తలుపులు, మధ్యలో గొళ్ళెం, గొళ్ళేనికి బయటినుంచి అరచేయంత తాళం. తలుపుల మధ్య సందులోంచి వేళ్ళు బయటికి వస్తున్నాయి. పసుపు వేళ్ళు, లేబుళ్ళ జిగురు అంటిన వేళ్ళు. తలుపులు బయటికి ఉబ్బి, వెనక్కి పోయి, మళ్ళీ ఉబ్బాయి.

"తీ లేదు! ఏమీ లేదు!" అని ఆమె తమిళంలో అరిచింది. లోపలి అరుపుల్లో అది గేటు దాటలేదు. ముందు తలుపులో పొగ ఉన్నంతసేపూ ఎవరూ అటు తిరగరు. హారన్లలో చెప్పే వీలు లేదు. బేటరీ తీసేశారు. మురుగేశన్ జాకీ రాడ్డు తెచ్చి తాళం మీద కొట్టాడు, కొట్టాడు. మంచి తాళం.

తంగసామిని ఎదురుగా ఉన్న టీ కొట్టులోంచి పట్టుకొచ్చారు. గుత్తిలో సరైన తాళంచెవి దొరకడానికి ఇంకాస్త సేపు పట్టింది. గేటు తెరుచుకున్నప్పుడు ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడుతూ వచ్చారు. పుష్పం అనే పిల్ల కుడిచేతి రెండు వేళ్ళు గొళ్ళెం దగ్గర నలిగిపోయి, ఆ చేతిని ఇంకెవరిదో అన్నట్టు పట్టుకుని నిలబడింది. పాపమ్మాళ్ చివరి గుంపులో వచ్చింది. ఎడమ చెవి కమ్మ లేదు. చెవి తమ్మె చీలి, రవిక భుజం ఎర్రబడింది.

"నిప్పు యాడ?" అంది కోడలితో.

"నిప్పు లేదు అత్తా. బేటరీ తీ అంటిని. మామతో."

పాపమ్మాళ్ చీలిన చెవిని కొంగుతో ఒత్తుకుంది. "నేను తెలుగుదాన్నే," అంది. "నాకే నిప్పనిపించె. ఆపీసులో తీ అంటే ఇంకేమనుకుంటారు?"

ఆడవాళ్ళను ఆసుపత్రికి పంపాక కార్తీశ్వరి లారీ ఎక్కింది. ఏం చెయ్యాలో తెలియక పుస్తకం తెరిచి, మేకుకున్న వాచీ చూసి, గేటు దగ్గరికి దూకేముందు కనబడిన టైమునూ తెరిచాక ఎవరి చేతికో ఉన్న వాచీలో చూసిన టైమునూ గుర్తుచేసుకుని రాసింది.

"11.42. వేలు ఎత్తినా బల్బు ఆరలేదు. అప్పుడే నోరు మూసుకొని ఉండాల. తీ తీ అంటిని. 11.43. మామ బేటరీ తీసె. వెనక కేటుకి తాళం. 11.54. కేటు తెరిచిరి."

*

గురువారం పొద్దున దామోదరసామి గదిలోకి పిలిచారు. ఆయన ఎదురుగా సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి టీ తాగుతున్నాడు. ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళిందనీ, సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడనీ మాత్రం తెలిసింది. కూర్చోమని ఎవరూ అనలేదు. మురుగేశన్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. అలా నిలబడొద్దని అతని మోచేతిని ఆమె పొడవాలనుకుంది.

"ఈవిడే," అన్నాడు దామోదరసామి తమిళంలో. "పనిచేసే ఆపీసులో తీ అని అరిచింది. ఆటగా అరిచిందో, మతి లేక అరిచిందో."

"మొదలాళీ," అంది కార్తీశ్వరి తెలుగులో. "తీ అంటే ఏందో మీకు తెలీదా? మొన్న నాతోనే తార్పాయి తీ అంటిరే."

దామోదరసామి ఆమె వైపు చూడలేదు. సఫారీ ఆయన వైపు తిరిగి నవ్వాడు. "ఏం భాషో! తమిళంలో చెప్పమనండి. నాకు వీళ్ళ భాష తెలీదు."

నాలుక మీదికి వచ్చిన మాటలు ఏ భాషవో కార్తీశ్వరికే తెలియలేదు. మురుగేశన్ నేల చూస్తున్నాడు.

తంగసామి లాగ్‌బుక్కు బల్లమీద పెట్టాడు. ఎవరినీ అడక్కుండానే లారీలోంచి తెచ్చేశాడు. వేలు పెట్టి, తమిళ అక్షరాలను తమిళంగానే చదివాడు. "ఇదిగో, తన చేత్తో తనే రాసుకుంది. 'తీ, తీ.' నిప్పు, నిప్పు."

"అది తెలుగు," అంది ఆమె తమిళంలో. "అక్షరాలే తమిళం."

సఫారీ ఆయన టీ కప్పు కింద పెట్టి పకపకా నవ్వాడు. దామోదరసామి నవ్వలేదు. ఆయన కళ్ళు ఆ వాక్యం కిందికి దిగాయి. రెండుసార్లు చదివాడు. పుస్తకం మూశాడు.

"బయటికి రా మురుగేశా," అన్నాడు.

వరండాలోకి వచ్చి పుస్తకం మురుగేశన్ చేతిలో పెట్టాక మళ్ళీ తెలుగు వచ్చింది ఆయనకు. "సూడు. నీ పెళ్ళాం మీద కేసూ గీసూ నేను పెట్టను. ఈ పుట తీసేసి మళ్ళీ రాసి ఈండి. పదకొండు నలభై రెండు, తీ అంటిని, తప్పైపాయ. అంతవరకే. కింద కేటూ గీటూ ఏమీ వద్దు. ఇద్దరూ సేవ్రాలు సేసి, ఆదివారం పొద్దున మిమ్మల్ని ఎక్కించుకునేదానికి వాన్ వస్తాది, అప్పుడు ఈండి. ఆ రిలే కూడా సరిసేసి పెట్టండి. ఊరేగింపు ఉండాది."

"సరే సామీ," అన్నాడు మురుగేశన్.

ఇంటికి వచ్చి తలుపు వేశాక కార్తీశ్వరి అడిగింది.

"పుట చింపకూడదంటివి."

"అది పటాలం."

"ఎండలో నిలబెట్టె అంటివి."

"కార్తీ, సుబేదారు చచ్చిపాయ. మనం ఈ ఊర్లో బతకాల. ఒక పుట. మొత్తం అబద్ధం కూడా కాదు. నువ్వు తీ అంటివా లేదా?"

"అంటిని."

"అదే రాయమన్నాడు."

"పదకొండు నిమిషాలు ఎవురు తింటిరి?"

మూలన గోడకు ఆనుకుని పాపమ్మాళ్ కూర్చుని ఉంది, చెవికి పసుపు గుడ్డ కట్టుకుని. రెండు దినాలు సెలవన్నారు ఆవిడకి, జీతం లేకుండా. "రాసి ఇచ్చెయ్యమ్మే," అంది. "ఇన్‌స్పెట్టరు కేటు సంగతి సూస్తే ఆపీసుకి సీలేస్తాడు. అరవైమంది నిన్నే తిడతారు. పుష్పం అమ్మ అయితే మన ఇంటి ముందుకొచ్చి మన్ను పోస్తాది. ఒక కాయితం కోసం."

"అత్తా, నీ చెవి."

"నా సెవి నాకు నొప్పి. నీకేంది?"

ఆ మాటకు కార్తీశ్వరికి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. గిన్నెలు తోమింది, ఒక్కొక్క గిన్నెనూ బండకేసి రాస్తూ. వాటి చప్పుడు పక్కింటి దాకా వినిపించింది.

*

శుక్రవారం ఆమె ఒక్కతే విరుదునగర్ బస్సెక్కింది. రిలే సంగతి వేరు, పుట సంగతి వేరు. చేతిలో పెట్టుకున్న సెట్టును కుంటిగా వదిలే అలవాటు ఆమెకు లేదు. బస్టాండు దాటగానే మిరపకాయల ఘాటు, నూనె మిల్లుల వాసన. పాత ఇనుం వీధిలో నాలుగో అంగడి సంగిలిది. కాళ్ళమీద గోనెపట్టా కప్పుకుని లారీ స్పేర్ల గుట్ట మధ్య కూర్చుని ఉన్నాడు.

రిలే చూపించగానే, "ఏ బండికమ్మా?" అన్నాడు తమిళంలో.

"కోవిల్‌పట్టి మిలిటరీ లారీకి."

"ఓహో!" సంగిలి గుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతూనే నవ్వాడు. "అక్కడే కదా, ఒక తెలుగావిడ మైకులో తీ తీ అని పాట పాడిందంట? ఆపీసు ఆపీసంతా పరుగో పరుగంట. నిన్న మండీలో చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. ఎవరమ్మా ఆవిడ, నీకు తెలుసా?"

"నేనే," అంది కార్తీశ్వరి.

సంగిలి చెయ్యి గుట్టలో ఆగింది. తర్వాత రెండు రిలేలు బయటికి తీసి, మసిగుడ్డతో తుడిచి, స్క్రూ డ్రైవరు మొనతో ఒక్కొక్కదాన్నీ నొక్కి వదిలి చూశాడు. మంచిదాన్ని ఆమె ముందుకు జరిపాడు.

"పరుగెత్తితే పరుగెత్తారు," అన్నాడు తల ఎత్తకుండా. "బయటికి పరుగెత్తితే దెబ్బలెందుకు తగులుతాయి? గేటు లేదా అక్కడ?"

మూడు రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే. సఫారీ ఆయన అడగలేదు. మొగుడు అడగలేదు. ఆమె రిలేను గుడ్డలో చుట్టుకుంటూ, "ఉంది," అంది.

తిరుగు బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి పోయింది. పుష్పం మంచం మీద కూర్చుని ఎడమచేత్తో ఇడ్లీ తింటోంది, సగం పచ్చడి దుప్పటి మీద. కుడిచేతికి గుండ్రంగా కట్టు.

"రా అక్కా, ఆకాశవాణీ," అంది నవ్వుతూ. "ఒక్కటి చెప్పు. మీ భాషలో తీ అంటే తియ్యడం అంట కదా? మరి నిప్పంటుకుంటే ఏమంటారు? మళ్ళీసారి తెలుసుకుని పరుగెత్తుతాను."

"నిప్పు అంటాం."

"నిప్పు," అని పుష్పం నేర్చుకుంటున్నట్టు పలికింది. కట్టు వైపు చూసుకుంది. "ఒక వేలు ఉంచుతామన్నారు. ఒకటి చెప్పలేమన్నారు. ఎడమచేత్తో పెట్టె నింపడం వస్తుందా అక్కా? మీ అత్తను అడుగు, ఆవిడ చాలామందిని చూసి ఉంటుంది."

*

శనివారం మధ్యాహ్నం కార్తీశ్వరి షెడ్డుకు వెళ్ళి రిలే బిగించింది. కాలిపోయిన కండెన్సరు తీసేసి, విరుదునగర్‌లో దొరికినది వేసింది. హారన్లు విప్పించిన తర్వాతే, మైకు దగ్గర పెదవి కూడా కదపకుండా, మీట నొక్కి చూసింది. బల్బు వెలిగింది. వేలు ఎత్తిన క్షణాన ఆరిపోయింది. ఇరవై సార్లు నొక్కింది. ఇరవై సార్లూ ఆరింది. సెట్టు ఇంత బాగా ఎన్నడూ లేదు.

లారీ దిగి, ఎందుకో తనకే తెలియకుండా గోడ పక్క సందులోంచి వెనక్కి నడిచింది.

వెనక గేటు తలుపుల సొట్టలు కొట్టి సరిచేశారు. తలుపుల మధ్య సందు ఇప్పుడు లేదు. వేళ్ళు బయటికి రాకుండా నిలువునా ఒక ఇనప పట్టీ వెల్డింగు చేశారు. గొళ్ళేనికి పాత తాళం అలాగే ఉంది. దాని కింద కొత్తగా గొలుసు, గొలుసుకు ఇంకో తాళం. వెల్డింగు చేసిన చోట ఇంకా రంగు కూడా వేయలేదు. లోపలినుంచి పుల్లలు పెట్టెల్లో పడే గలగల వినిపిస్తోంది, ఎప్పటిలాగే.

ఆమె ఆ పట్టీ మీద చెయ్యి వేసింది. ఎండకు చుర్రుమంది. చెయ్యి తియ్యలేదు. సరిగ్గా ఎంతసేపు అలా నిలబడిందో ఆరోజు మాత్రం టైము చూసుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. వేడన్నం, వంకాయ కూర, అప్పడం. పాపమ్మాళ్ ఆరోజే మళ్ళీ పనిలోకి వెళ్ళి వచ్చింది. తలుపు పక్కన బల్లమీద లాగ్‌బుక్కు, దాని పక్కన మురుగేశన్ కొని తెచ్చిన తెల్ల కాగితం, పెన్ను.

"తిన్నాక రాసేద్దాం," అన్నాడు మురుగేశన్. "ఆరింటికే వాన్ వస్తాది."

కార్తీశ్వరి అత్త పళ్ళెంలో కూర వేసి, తన పళ్ళెంలో వేసుకుని, గరిటె పక్కన పెట్టింది.

"నేను రాయను," అంది. "సెట్టు బాగుండాది, రేపు విరుదునగరం పోనీ. నేను ఎక్కను. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తే ఆ పుస్తకమే చేతికిస్తాను. నేను తీ అన్నదీ అందులోనే ఉండాది, నోరు మూసుకోలేదని కూడా ఉండాది. కేటు కూడా ఉండాది."

"నీకేమైనా పిచ్చా? ఆపీసు మూస్తే..."

"మూయనీ. తెరిచిన ఆపీసు ఇంకేదో ఉంటాది. మొన్న నిజంగా నిప్పు ఉండింటే పదకొండు నిమిషాల్లో ఏమయ్యేది మామా? నువ్వు పటాలంలో చూసినావు కదా, చెప్పు. ఏమయ్యేది?"

మురుగేశన్ అన్నం కలుపుతూ తల్లి వైపు చూశాడు, ఆవిడ ఏమైనా అంటుందని.

పాపమ్మాళ్ తినడం ఆపి ఉంది. పళ్ళెం అంచున వేలితో మెతుకులు ఒక పక్కకు తోస్తోంది.

"పదకొండేనా?" అంది. "నాకు పొద్దంతా పట్టినట్టుండె."

కార్తీశ్వరి చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"గొలుసేసిండారు," అంది ఆవిడ. "సూస్తివా?"

"చూస్తిని అత్తా."

"నేను తంగసామిని అడిగితిని. ఇదేందప్పా, ఒకటి సాలకనా రెండోది? అంటే, మీరు మళ్ళీ పరుగెత్తి కేటు ఇరగ్గొడతారు కదా, అందుకే అనె. ఇరవై రెండేండ్లు ఆ కేటు ముందర కూసోని పని సేస్తిని." ఆవిడ చెవి గుడ్డను సవరించుకుంది. "పుస్తకంలో నువ్వు బయటినుంచి సూసింది రాస్తివి. లోపల నిలబడింది నువ్వు కాదు, నేను. ఎవురు ఎవురి మీద పడిరి, ఎవురు ఊపిరాడక కూసుండిపాయిరి, అది నీకేం తెలుసు? అది కూడా రాసుకో. నా ఏలిముద్ర ఏస్తాను. ఇన్‌స్పెట్టరు మొదలాళి రూములో కూసుంటాడు, నిన్ను లోపలికి రానీరు. నేను పనికి పోయేదాన్ని, నన్ను ఎవురూ ఆపరు. పుస్తకం నేనే ఎత్తుకోని పోతాను. సోమవారం."

"అమ్మా," అన్నాడు మురుగేశన్.

"ఏంరా?"

అతను ఎడమచేత్తో పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పుట తెరిచి, కళ్ళకు దూరంగా పట్టుకుని, చివరి వాక్యం వెతికాడు. తెల్ల కాగితాన్ని బల్లమీదనుంచి కిందికి తోసేశాడు.

"కొత్త పుట మొదలుపెట్టొద్దు," అన్నాడు పెళ్ళాంతో. "దాని కిందనే, జాగా వదలకుండా రాయి. వదిలితే రేపు ఎవుడైనా మధ్యలో ఏదైనా చేరుస్తాడు."

"ముందు అన్నం తిననీండి దాన్ని," అంది పాపమ్మాళ్, మళ్ళీ ముద్ద కలుపుకుంటూ. "తిన్నాక సెప్తాను, రాసుకో. తమిళంలోనే సెప్తాను. ఈసారి ఎవురూ మా భాష తెలీదనకూడదు."